ఇంటి ఓటు ఇంకొకరి చేతికిచ్చే ముందు

మీ ప్రశ్నలు – మా జవాబులు: అమెరికాలో సొంతిల్లు

హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల అసోసియేషన్) యాన్యువల్ మీటింగ్ నోటీసులు మొదలైనట్టున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ నోటీసుతో పాటు వచ్చే ప్రాక్సీ ఫామ్ గురించే, అంటే మన ఓటు మన బదులు ఇంకొకరు వెయ్యడానికి అధికారమిచ్చే కాగితం. నేను టెక్సస్‌లో మా కమ్యూనిటీ బోర్డుకి సెక్రటరీని. మీటింగ్ రోజు గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని ప్రాక్సీలు తీసుకునేది నేనే. లాయర్ని మాత్రం కాను. చట్టంలో ఏముందో చెబుతాను, మీ బైలాస్‌లో (అసోసియేషన్ సొంత నియమావళి) ఏముందో మీరు చూసుకోవాలి. రాష్ట్రం మారితే రూలు పూర్తిగా మారిపోతుంది. డాలస్‌లో ఉన్న మరిది చెప్పిన మాట ఫీనిక్స్‌లో చెల్లదు. అందుకే ఊరు రాసినవాళ్ళ ప్రశ్నల్లో ఆ పేరు ఉంచాను.

ప్రశ్న: మాది డాలస్‌కి ఉత్తరాన ఒక కమ్యూనిటీ. పోయిన వారం మా హెచ్‌ఓఏ ప్రెసిడెంట్ గారు తలుపు కొట్టి, "కోరమ్ (మీటింగ్ చెల్లడానికి కావలసిన కనీస హాజరు) కోసమేనండీ, ఇక్కడొక సంతకం పెట్టండి" అని ఫామ్ ఇచ్చారు. బాబుని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళే హడావిడిలో ఉన్నాను. రోజూ కనబడే మనిషి కదా అని మొహమాటపడి పెట్టేశాను. ఫోన్లో ఫొటో తీసుకున్నాను కాబట్టి తర్వాత చూస్తే, ప్రాక్సీ పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. మీటింగులో బోర్డు ఎన్నిక ఉంది, పోటీలో ఆయన కూడా ఉన్నారు. నాకు వేరే ఆవిడకి వెయ్యాలని ఉంది. ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా అక్కా?

జవాబు: తీసుకోవచ్చు. టెన్షన్ పడకండి. మీటింగ్ ఇంకా జరగలేదు, ఓటు ఇంకా మీదే.

టెక్సస్‌లో హెచ్‌ఓఏలు చాలా వరకు నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్లు. వాటికి వర్తించే బిజినెస్ ఆర్గనైజేషన్స్ కోడ్ ప్రకారం, ఫామ్‌లో వేరేగా రాసి ఉంటే తప్ప, ప్రాక్సీ ఇచ్చినవాళ్ళు దాన్ని రద్దు చేసుకోవచ్చు. సంతకం చేసిన తేదీ నుంచి 11 నెలలు దాటితే దానంతటదే చెల్లకుండా పోతుంది. కాబట్టి ముందు మీ ఫొటోలో 'ఇర్రివోకబుల్' (రద్దు చెయ్యరానిది) అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. మామూలు హెచ్‌ఓఏ ఫామ్‌లో ఉండదు.

ఇవాళే మేనేజ్‌మెంట్ కంపెనీకీ, మీ అసోసియేషన్ సెక్రటరీకీ ఒక ఉత్తరం పంపండి. ఫలానా తేదీన ఫలానా ఇంటి తరఫున చేసిన ప్రాక్సీని రద్దు చేస్తున్నాను అని రెండు వాక్యాలు, కింద తేదీ, సంతకం. స్కాన్ చేసి ఈమెయిల్ చెయ్యండి, అందినట్టు జవాబు అడగండి. ప్రెసిడెంట్ గారికి కారణం చెప్పాల్సిన పని లేదు, ఆయనతో వాదన పెట్టుకోనక్కర్లేదు. వీలైతే మీటింగుకి మీరే వెళ్ళండి. టేబుల్ దగ్గర పేరు చెప్పగానే, "నా పేరు మీద ప్రాక్సీ ఉంది, రద్దు చేశాను, నేనే ఓటేస్తాను" అనండి. రిజిస్టర్‌లో ఆ మాట రాసేదాకా అక్కడే నిలబడండి. మా దగ్గర ఇలా ఎవరైనా వస్తే కట్టలోంచి ఆ కాగితం తీసి, దాని మీద గీత కొట్టి, మనిషి చేతికి బ్యాలట్ ఇస్తాం. రెండు నిమిషాల పని. ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇక ఆ ఫామ్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలనుంది, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది సంతకం పెట్టే గీత ఒక్కటే చూస్తారు.

పైన మీ పేరు, ఇంటి అడ్రసు ఉంటాయి. తర్వాత 'నేను ఫలానావారిని నా ప్రాక్సీగా నియమిస్తున్నాను' అన్న వాక్యం, మధ్యలో ఖాళీ. చాలా ఫాముల్లో ఆ ఖాళీ కిందే చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంటుంది: పేరు రాయకపోతే బోర్డు సెక్రటరీయో, ప్రెసిడెంటో మీ ప్రాక్సీ అవుతారని. అంటే ఖాళీగా వదిలేస్తే ఎవరికీ ఇవ్వనట్టు కాదు, బోర్డుకి ఇచ్చినట్టు. అలా నా పేరు మీదికి వచ్చిపడే ప్రాక్సీలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ ఇంటివాళ్ళకి పూల్ రిపేరు కావాలో, గేటు కావాలో, ఎవరు గెలవాలో నాకెలా తెలుస్తుంది? అడుగుదామంటే చాలామంది ఫోన్ నంబర్ కూడా రాయరు. ఆ చిన్న వాక్యం కూడా లేని ఫామ్ అయితే మరీ ప్రమాదం. తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే, ఎవరి చేతికి చేరితే వాళ్ళ పేరు పడుతుంది.

ఫామ్ మధ్యలో గళ్ళు ఉంటాయి. ఒకటి 'కోరమ్ కోసం మాత్రమే'. ఇది టిక్ చేస్తే మీ ఇల్లు హాజరు లెక్కలోకి వస్తుంది, ఓటు ఎవరూ వెయ్యలేరు. రెండోది, ప్రాక్సీ తీసుకున్నవాళ్ళు తమ విచక్షణ ప్రకారం ఓటేస్తారనేది. మూడోది, ఒక్కో అంశానికీ మీరు చెప్పినట్టే వెయ్యాలనేది. మీ ప్రెసిడెంట్ గారు నిజంగా కోరమ్ కోసమే అడిగి ఉంటే మొదటి గడిలో టిక్ పెట్టించాలి. ఆ గడి లేకపోతే పెన్నుతో ఇంగ్లీషులో ఆ మాట రాసి పక్కన మీ ఇనీషియల్స్ వెయ్యండి. ఇంటింటికీ తిరిగి ప్రాక్సీలు అడగడం తప్పు కాదు, పోటీలో ఉన్నవాళ్ళు అడగడం కూడా తప్పు కాదు. కోరమ్ కోసమే అని చెప్పి ఓటు హక్కు కూడా పట్టుకెళ్ళడం మాత్రం తప్పు. మీకు జరిగింది అదే అయితే మీటింగులో లేచి అడిగే హక్కు మీకుంది.

చివరిగా తేదీ. ఏ మీటింగ్ కోసం ఇస్తున్నారో ఫామ్‌లో లేకపోతే, మీరే రాయండి. లేదంటే ఆ 11 నెలల్లో ఎప్పుడైనా స్పెషల్ మీటింగ్ పెడితే అదే కాగితం మళ్ళీ బయటికి రావచ్చు.

మీటింగుకి వెళ్ళలేకపోతే ప్రాక్సీ బదులు ఆబ్సెంటీ బ్యాలట్ (మీటింగుకి రాకుండానే మీరే వేసి పంపే ఓటు కాగితం) ఉందేమో అడగండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ దాన్ని గుర్తిస్తుంది. రెండింటికీ తేడా తెలుసుకోవాలి. బ్యాలట్ మీద మీ టిక్కే మీ ఓటు, మధ్యలో ఇంకో మనిషి ఉండరు. కానీ మీటింగులో తీర్మానం మాటలు మార్చితే ఆ అంశం మీద మీ బ్యాలట్ లెక్కపెట్టరు, కోరమ్‌కి కూడా అందులో ఉన్న అంశాల వరకే పనికొస్తుంది. ప్రాక్సీ మనిషి అయితే అక్కడే ఉండి మారిన తీర్మానం మీద కూడా ఓటెయ్యగలరు. అందుకని బోర్డు ఎన్నిక ఒక్కటే ఉంటే నేను బ్యాలట్ వైపే మొగ్గుతాను. డ్యూస్ (అసోసియేషన్‌కి కట్టే రుసుము) పెంపు లాంటి చర్చ ఉంటే, నమ్మకమైన పక్కింటివాళ్ళకి పేరు రాసి ప్రాక్సీ ఇస్తాను.

ఇంకొకటి. టెక్సస్‌లో పోటీలో ఉన్న అభ్యర్థి గానీ, రక్తసంబంధంలోనో పెళ్ళి సంబంధంలోనో మూడో అంచె (థర్డ్ డిగ్రీ) వరకు ఆయన బంధువులు గానీ ఆ ఎన్నికలో ఓట్లు లెక్కపెట్టకూడదు, బ్యాలట్లు ముట్టుకోకూడదు. ఫలితం మీద అనుమానముంటే 15 రోజుల్లోపు రాతపూర్వకంగా రీకౌంట్ అడగవచ్చు. ఖర్చు ముందు అడిగినవాళ్ళదే, రీకౌంట్‌లో ఫలితం మారితే అసోసియేషన్ తిరిగి ఇవ్వాలి.

ప్రశ్న: కాలిఫోర్నియా బే ఏరియాలో మాకు టౌన్‌హోమ్ ఉంది. ఆఫీసు పని మీద ఏడాదిపాటు హైదరాబాద్‌లో ఉన్నాను. ఇంట్లో మా తమ్ముడు అద్దెకుంటున్నాడు. నా బదులు వాడు మీటింగుకెళ్ళి ఓటేస్తానంటే అసోసియేషన్ వాళ్ళు కుదరదన్నారు. సొంత తమ్ముడికి కూడా ప్రాక్సీ ఇవ్వకూడదా?

జవాబు: మీ అసోసియేషన్ చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో ఇలాంటి కమ్యూనిటీలన్నీ 1985లో వచ్చిన డేవిస్-స్టర్లింగ్ చట్టం కిందకి వస్తాయి. ఆ చట్టంలో ప్రాక్సీని ఇంకో మెంబర్‌కి, అంటే అదే అసోసియేషన్‌లో ఇల్లున్నవాళ్ళకే ఇవ్వగలరు. తమ్ముడైనా అద్దెకున్నవాడు మెంబర్ కాదు. పైగా అసలు ప్రాక్సీలు వాడాలా వద్దా అన్నది కూడా మీ బైలాస్ మీద ఆధారపడి ఉంటుంది. బైలాస్ అడగకపోతే ప్రాక్సీ ఫాములు పంపాల్సిన బాధ్యత అసోసియేషన్‌కి లేదు.

కానీ మీకు ప్రాక్సీ అవసరమే లేదు. బోర్డు ఎన్నిక, డైరెక్టర్ని తొలగించడం, బైలాస్ మార్పు, ఓటు తప్పనిసరైన అసెస్‌మెంట్ (ఇళ్ళవాళ్ళ మీద అసోసియేషన్ వేసే వసూలు), వీటన్నిటికీ కాలిఫోర్నియాలో రహస్య బ్యాలట్ ఉండాలి. దాన్ని కనీసం 30 రోజుల ముందు పంపాలి. బ్యాలట్‌తో పాటు రెండు కవర్లు వస్తాయి. బ్యాలట్ మీద పేరు, సంతకం ఏమీ ఉండకూడదు. దాన్ని మొదటి కవర్లో పెట్టి అంటించాలి. ఆ కవర్‌ని రెండో కవర్లో పెట్టి, బయటి కవర్ ఎడమవైపు పై మూలన మీ పేరు, ఇంటి అడ్రసు రాసి సంతకం చెయ్యాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళ ఓట్లు ఎక్కువగా పోయేది ఈ బయటి సంతకం దగ్గరే. లోపల టిక్ చక్కగా పెడతారు, బయట సంతకం మరిచిపోతారు, దాంతో ఆ కవరు పక్కకి పోతుంది.

ఇప్పుడే మీ హైదరాబాద్ అడ్రస్ అసోసియేషన్‌కి రాసివ్వండి. లేకపోతే బ్యాలట్ మీ తమ్ముడి లెటర్‌బాక్సులోనే పడుతుంది, అక్కణ్ణుంచి మీకు చేరి మళ్ళీ వెళ్ళేసరికి గడువు దాటుతుంది. 2025 నుంచి కాలిఫోర్నియాలో ఎలక్ట్రానిక్ రహస్య బ్యాలట్‌కి కూడా అనుమతి వచ్చింది, అసెస్‌మెంట్ ఓటింగులకి తప్ప. మీ అసోసియేషన్ ఎన్నికల నియమాల్లో దాన్ని చేర్చారేమో అడగండి. మీ ఉద్దేశం తమ్ముడి చేతే వేయించాలనే అయితే ఒక దారి ఉంది: వాడి పేరున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. మెంబర్ తరఫున అది ఉన్న మనిషికి బ్యాలట్ ఇవ్వననడానికి కాలిఫోర్నియాలో వీల్లేదు. ఒక్క ఓటు కోసం అంత పెద్ద కాగితం ఎవరికైనా రాసివ్వమని మాత్రం నేను చెప్పను. ఇల్లు అమ్మే అధికారం కూడా అందులో ఉండొచ్చు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఫ్లోరిడాలో టాంపా దగ్గర సింగిల్ ఫ్యామిలీ హోమ్స్ కమ్యూనిటీ. పోయిన ఏడాది యాన్యువల్ మీటింగుకి ఒక పొరుగాయనకి ప్రాక్సీ ఇచ్చాను. ఈ ఏడాది మీటింగులో కూడా ఆయన నా తరఫున ఓటేశారని తెలిసింది. ఆయన చేతిలో ఇంకా చాలా ఇళ్ళ ప్రాక్సీలున్నాయట. ఇది చెల్లుతుందా?

జవాబు: మీ పాత ప్రాక్సీ చెల్లదు. ఫ్లోరిడా హెచ్‌ఓఏ చట్టం, అంటే 720వ చాప్టర్, ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ప్రాక్సీ మీద తేదీ, మీటింగ్ జరిగే రోజు, సమయం, చోటు, సంతకం ఉండాలి. ఏ మీటింగ్ కోసం ఇచ్చారో దానికే పనికొస్తుంది. ఆ మీటింగ్ వాయిదా పడి మళ్ళీ పెడితే అప్పుడూ చెల్లుతుంది, కానీ మొదటి మీటింగ్ తేదీ నుంచి 90 రోజులు దాటితే లేదు. మధ్యలో మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆయన తన బదులు ఇంకొకరిని పంపాలన్నా, ఫామ్‌లో అందుకు వీలున్నట్టు రాసి ఉండాలి.

అందుకని బోర్డుకి రాసి, ఈ ఏడాది మీటింగులో మీ ఇంటి తరఫున వాడిన ప్రాక్సీ కాపీ అడగండి. తేదీ చూస్తే విషయం తేలిపోతుంది. ఒక మనిషి దగ్గర ఎన్ని ప్రాక్సీలు ఉండొచ్చో హెచ్‌ఓఏ చట్టంలో పరిమితి లేదు, మీ బైలాస్‌లో ఉండొచ్చు, చూడండి. ఆయన ఎక్కువ ప్రాక్సీలు పోగుచేశారని కోపం వద్దు. అవి ఇచ్చింది మీ పొరుగువాళ్ళే. వాళ్ళతో మాట్లాడండి.

కాండోలో (అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో సొంత ఫ్లాట్) ఉన్న పాఠకులకి ఒక మాట. ఫ్లోరిడా కాండోలకి వేరే చట్టం, 718వ చాప్టర్. అక్కడ బోర్డు డైరెక్టర్ల ఎన్నికకి ప్రాక్సీ వాడకూడదు.

ప్రశ్న: ఆరిజోనా, చాండ్లర్. నోటీసులో ప్రాక్సీ ఫామ్ లేదు. అడిగితే ఇవ్వం అన్నారు. ఇది అన్యాయం కాదా?

జవాబు: కాదండీ. కమ్యూనిటీ డెవలపర్ చేతిలోంచి ఇళ్ళవాళ్ళ చేతికి వచ్చాక ఆరిజోనాలో ప్రాక్సీ ఓటు చెల్లదు. మీ బైలాస్‌లో ఇవ్వొచ్చని ఉన్నా చెల్లదు. దాని బదులు ఆబ్సెంటీ బ్యాలట్ ఇవ్వడం అసోసియేషన్ బాధ్యత. అది మీకు అందించాక, తిరిగి ఇవ్వడానికి కనీసం ఏడు రోజులైనా గడువుండాలి. ఆ బ్యాలట్ కోరమ్ లెక్కలోకి కూడా వస్తుంది. అది మాత్రం గట్టిగా అడగండి.

ప్రశ్న: మా డ్యూస్ కొన్ని నెలలుగా బాకీ ఉన్నాయి, ఉద్యోగం పోయింది. ఇలాంటప్పుడు ప్రాక్సీ పంపినా తీసుకోరని స్నేహితులు అంటున్నారు. ఊరి పేరు రాయడం లేదు, క్షమించండి.

జవాబు: క్షమాపణ ఎందుకండీ, ఎవరికైనా వచ్చే కష్టమే. మీ రాష్ట్రం తెలియదు కాబట్టి మూడు చోట్ల ఎలా ఉందో చెబుతాను.

టెక్సస్‌లో బాకీ ఉందని బోర్డు ఎన్నికలో ఓటు తీసెయ్యడానికి వీల్లేదు. అలాంటి షరతు కమ్యూనిటీ పత్రాల్లో ఉన్నా ప్రాపర్టీ కోడ్ 209.0059 ప్రకారం అది చెల్లదు. టేబుల్ దగ్గర ఎవరైనా బాకీల లిస్టు తీస్తే ఈ నంబర్ చెప్పండి. కాలిఫోర్నియాలో కూడా బ్యాలట్లు పంచే నాటికి మీరు మెంబరైతే చాలు, ఇంకే కారణం చూపించీ ఆపకూడదు. ఫ్లోరిడాలో మాత్రం జాగ్రత్త. అక్కడ హెచ్‌ఓఏకి కట్టాల్సింది 90 రోజులకు మించి బాకీ పడితే ఓటు హక్కు నిలిపెయ్యగలరు, అప్పుడు ప్రాక్సీ కూడా పనిచెయ్యదు. మీది ఫ్లోరిడా అయితే మీటింగుకి ముందే బోర్డుకి రాసి పేమెంట్ ప్లాన్ అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. మా బోర్డుకి ఇలాంటి ఉత్తరాలు వస్తాయి, వాటిని మేము మీటింగులో పేర్లు చెప్పి చదవం.

ప్రశ్న: మా కమ్యూనిటీలో మీటింగుకి పది మంది కూడా రారు. నేను ప్రాక్సీ పంపకపోతే ఏం మునిగిపోతుంది? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. (ఆస్టిన్ దగ్గర, కొత్త కమ్యూనిటీ)

జవాబు: కోరమ్ లేకపోతే ఎన్నిక జరగదు. ఎన్నిక జరగకపోతే చాలా బైలాస్ ప్రకారం పాత బోర్డే కొనసాగుతుంది. పంపకపోవడం అంటే తటస్థంగా ఉన్నట్టు కాదు, ఉన్నవాళ్ళనే ఉండమన్నట్టు. కోరమ్ ఎంతో మీ బైలాస్‌లో ఉంటుంది. ఫ్లోరిడాలో బైలాస్ తక్కువ చెప్పకపోతే మొత్తం ఓట్లలో 30 శాతం. కాలిఫోర్నియాలో డైరెక్టర్ల ఎన్నికకి మొదటిసారి కోరమ్ రాకపోతే మళ్ళీ పెట్టే మీటింగుకి 20 శాతం చాలని 2024 నుంచి అమల్లోకి వచ్చింది, అక్కడ కూడా జనం రాని బాధ అంతలా ఉంది మరి.

మీది కొత్త కమ్యూనిటీ కాబట్టి ఇంకో సంగతి. బోర్డు ఇంకా బిల్డర్ మనుషులదే అయివుంటుంది. టెక్సస్‌లో పత్రాల ప్రకారం రాగల మొత్తం ప్లాట్లలో 75 శాతం అమ్ముడుపోయాక 120 రోజుల్లోపు, బోర్డులో కనీసం మూడో వంతు మందిని ఇళ్ళవాళ్ళే ఎన్నుకోవాలి. ఆ మొదటి ఎన్నిక చాలా ముఖ్యమైనది. ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టు ఎవరికి, ఎన్నేళ్ళకి, రిజర్వ్ ఫండ్‌లో (పెద్ద రిపేర్ల కోసం దాచే డబ్బు) ఎంత ఉంది, ఇవన్నీ చూసే మొదటి సొంత మనుషులు వాళ్ళే. ఎంత శాతం అమ్ముడైందో మేనేజ్‌మెంట్ కంపెనీకి ఈమెయిల్ రాసి అడగండి. ఆ ఎన్నికకి మీరు వెళ్ళండి, వెళ్ళలేకపోతే పేరు రాసి ప్రాక్సీ పంపండి, మీ వీధిలో నాలుగిళ్ళకి చెప్పండి. ఇది మాత్రం వదలకండి.

ప్రశ్న: ఇల్లు నా పేరు, మా ఆయన పేరు మీద కొన్నాం. తర్వాత లివింగ్ ట్రస్ట్‌లోకి (బతికుండగానే ఆస్తిని పెట్టుకునే ట్రస్ట్) మార్చాం. ఆయన ఇండియాలో ఉన్నారు. ప్రాక్సీ మీద ఎవరు సంతకం పెట్టాలి?

జవాబు: మామూలుగా ఇంటికి ఒక్కటే ఓటు. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే చాలా బైలాస్‌లో ఒకరి సంతకం సరిపోతుంది, ఇద్దరూ చెరో ప్రాక్సీ ఇచ్చి చెరో మాట చెబితేనే చిక్కు. మీ ఇల్లు ట్రస్ట్ పేరు మీద ఉంది కాబట్టి ఓటు ట్రస్ట్‌ది. మీరిద్దరూ ట్రస్టీలైతే (ట్రస్ట్‌ని నడిపేవాళ్ళు) ఒకరే సంతకం చెయ్యొచ్చో లేదో ట్రస్ట్ పత్రంలో చూడండి. చాలా వాటిలో చెయ్యొచ్చని ఉంటుంది. సంతకం కింద మీ పేరు, దాని పక్కన 'ట్రస్టీ' అని, కింద ట్రస్ట్ పూర్తి పేరు రాయండి. కౌంటీ రికార్డుల్లో ఉన్న పేరూ, అసోసియేషన్ లిస్టులో ఉన్న పేరూ ఒకటేనా అని మీటింగుకి ముందే అడిగి సరిచేయించుకోండి. మీటింగ్ రోజు నా టేబుల్ దగ్గర ఈ పేర్లు కలవక ఆగిపోయే ప్రాక్సీలే ఎక్కువ, అప్పటికప్పుడు నేను చెయ్యగలిగేదేమీ ఉండదు.